బాక్సు మీది లోగో చూసి టీవీ కొనకండి: కుదరని స్టాండర్డ్‌కి ఈఎంఐ ఎందుకు?

దసరా ముందు హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల ఏ షోరూమ్‌లోకి వెళ్లినా ఒకటే డైలాగ్. "ఇది ఫ్యూచర్ ప్రూఫ్ అన్నా, పదేండ్ల దాక మళ్ల టీవీ ముచ్చటే ఉండదు." డెమో వీడియోలో చిలకలు ఎగురుతుంటాయి, నల్లటి నేపథ్యం మీద రంగుల పొడి పేలుతుంటుంది. ధర ఎంతో అడిగేలోపే ఈఎంఐ ఎంతో చెప్పేస్తారు. ₹80 వేల టీవీకి 24 నెలలంటే నెలకు మూడున్నర వేల చుట్టూ పడుతుంది. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకి అది చిన్న మొత్తం కాదు.

నా మాట సూటిగా చెప్తా. స్టాండర్డ్ ఇంకా కుదరని టెక్నాలజీ మీద "ఫ్యూచర్ ప్రూఫ్" అని స్టిక్కర్ వేస్తే దానికి విలువ సున్నా. ఆ ఫ్యూచర్ ఏ దారిలో వస్తుందో తయారుచేసిన కంపెనీకే తెలియదు, షోరూమ్ అన్నకి ఎట్లా తెలుస్తుంది? ఆయన్ని తప్పుపట్టట్లేదు, ఆయనకిచ్చిన కాగితంలో ఉన్నదే ఆయన చదువుతున్నాడు.

ఇప్పుడీ మాట ఎందుకంటే, చాలా రోజుల తర్వాత టీవీల్లో ఒకేసారి నాలుగైదు కొత్త పేర్లు వచ్చాయి. ఆర్‌జీబీ మినీ ఎల్ఈడీ, డాల్బీ విజన్ 2, హెచ్‌డీఎంఐ 2.2, వైర్లు లేని అట్మాస్ స్పీకర్లు. అన్నీ బాగున్నాయి, ఏ ఒక్కటీ ఇంకా కుదురుకోలేదు. వాటి సంగతికి వచ్చేముందు పదేళ్ల కిందటి ఒక కథ చెప్పాలి. మన దేశంలో జరిగిందే, క్రికెట్‌కి సంబంధించినదే.

2015 ప్రపంచకప్, 4కె టీవీ, రాని బొమ్మ

2015 జనవరిలో టాటా స్కై 4కె సెట్ టాప్ బాక్స్ తెచ్చింది. ధర సుమారు ₹6 వేలు. ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో వన్డే ప్రపంచకప్. కొన్ని మ్యాచ్‌లు 4కెలో వస్తాయని స్టార్ స్పోర్ట్స్ ప్రకటించింది. అప్పటికే 2013, 2014లో లక్షలు పోసి 4కె టీవీ కొన్నవాళ్లకి ఇంతకంటే మంచి వార్త ఏముంటుంది?

కానీ ఆ బాక్సుకి ఒక షరతు ఉంది. టీవీకి హెచ్‌డీఎంఐ 2.0, హెచ్‌డీసీపీ 2.2 రెండూ ఉండాలి. ముందే కొన్న చాలా 4కె టీవీల్లో అవి లేవు. ఎందుకంటే హెచ్‌డీఎంఐ 2.0 స్పెసిఫికేషన్ వచ్చిందే 2013 సెప్టెంబర్‌లో. దానికి ముందు తయారైన టీవీల్లో పాత 1.4 పోర్టులే.

ఇక్కడ లెక్క చూస్తే విషయం స్పష్టంగా అర్థమవుతుంది. 4కె ఫ్రేమ్ అంటే 3840 × 2160, దాదాపు 83 లక్షల పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్‌కి 24 బిట్లు. మన దగ్గర క్రికెట్ ప్రసారం సెకనుకు 50 ఫ్రేములు. గుణిస్తే సెకనుకు దాదాపు 10 గిగాబిట్లు. హెచ్‌డీఎంఐ 1.4 మొత్తం సామర్థ్యం 10.2 గిగాబిట్లు, బానే సరిపోతుందిగా అనిపిస్తుంది. కానీ ఆ పోర్టు ప్రతి 8 బిట్లని 10 బిట్లుగా మార్చి పంపుతుంది. అది తీసేస్తే వీడియోకి మిగిలేది 8.16. అంతే, సరిపోదు. 30 ఫ్రేముల దాకా మాత్రమే పూర్తి రంగులతో లాగుతుంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములే కాబట్టి షోరూమ్ డెమో అద్భుతంగా ఆడింది. బంతి బౌండరీకి పరుగెత్తే బొమ్మ మాత్రం ఆ తీగలో పట్టలేదు.

రంగుల సమాచారం తగ్గించి (4:2:0 అంటారు) 1.4 చిప్ మీదే 50, 60 ఫ్రేములు లాగే కిటుకు ఒకటుంది. కొన్ని కంపెనీలు ఫర్మ్‌వేర్‌తో అది ఇచ్చాయి. అయితే హెచ్‌డీసీపీ 2.2 అనేది కాపీ రక్షణ తాళం. సాధారణంగా అది చిప్‌లోనే ఉండాలి, తర్వాత అప్‌డేట్‌తో వచ్చేది కాదు. తాళం లేకపోతే బాక్స్ 4కె బొమ్మ వదలదు. అంటే తెర 4కెనే, బాక్స్ 4కెనే, మ్యాచ్ 4కెనే, మధ్యలో ఒక్క చిప్ తరం తేడా వల్ల మూడూ కలవలేదు.

శాంసంగ్ ఒక్కటి కాస్త ముందుచూపుతో పోర్టులన్నీ టీవీ బయట ఒక డబ్బాలో పెట్టింది. 2013 మోడల్ కొన్నవాళ్లు తర్వాత ఆ డబ్బా మార్చుకుని కొత్త పోర్టులు తెచ్చుకునే వీలుండేది. దానికీ వేరే డబ్బులే అనుకోండి. కనీసం టీవీ మొత్తం పారేయక్కర్లేదు. ఈ డబ్బా ఆలోచన గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఇంకో విశేషం. ఆ ప్రపంచకప్ తర్వాత 4కె డీటీహెచ్ పుంజుకుంటుందని అందరూ అనుకున్నారు. అది జరగలేదు. తెలుగు ఛానెళ్లు హెచ్‌డీ దగ్గరే ఆగిపోయాయి. 4కె క్రికెట్ మన ఇళ్లల్లోకి నిజంగా వచ్చింది ఎనిమిదేళ్లకి, 2023 ఐపీఎల్‌లో, జియోసినిమా ద్వారా. డిష్ నుంచి కాదు, ఫైబర్ నుంచి. అంటే 2014లో 4కె వస్తుందని ఊహించినవాళ్లు కరెక్టే. ఏ దారిలో వస్తుందో ఊహించడంలోనే దెబ్బతిన్నారు. కొత్త టెక్నాలజీలో రిస్క్ ఎప్పుడూ అక్కడే ఉంటుంది. టెక్నాలజీ గెలుస్తుంది, కానీ మనం కొన్న డబ్బా గెలిచిన జట్టులో ఉండదు.

3డీ కళ్లద్దాలు ఏ డ్రాయర్లో ఉన్నాయో

కొన్నిసార్లు టెక్నాలజీయే పోతుంది. 2010లో 3డీ టీవీలు వచ్చినప్పుడు యుద్ధం రెండు రకాల కళ్లద్దాల మధ్య. బ్యాటరీతో పనిచేసే యాక్టివ్ షట్టర్ ఒక వైపు, సినిమా హాల్ అద్దాల్లాంటి చవక ప్యాసివ్ ఇంకో వైపు. యాక్టివ్‌లో కూడా ఒక కంపెనీ అద్దాలు ఇంకో కంపెనీ టీవీకి పనిచేయవు. 2011లో శాంసంగ్, సోనీ, పానాసోనిక్ కలిసి ఒక ఉమ్మడి స్టాండర్డ్ ప్రకటించేసరికే జనం ఆసక్తి సగం తగ్గింది. 2016లో శాంసంగ్, 2017లో ఎల్జీ, సోనీ 3డీ టీవీలు మానేశాయి. ఏడేళ్లలో కథ కంచికి. ఇంట్లో నలుగురుంటే నాలుగు అద్దాలు, పక్కింటివాళ్లు వస్తే ఇంకో రెండు. మన ఇళ్లల్లో ఆదివారం సినిమాకి ఎంతమంది కూర్చుంటారో ఆ ఇంజినీర్లు ఒక్కసారి చూసుంటే బాగుండేది.

బ్లూ రే, హెచ్‌డీ డీవీడీ గొడవ మీకు తెలిసిందే. 2008 జనవరి 4న వార్నర్ బ్లూ రే వైపు వెళ్లింది, ఫిబ్రవరి 19న తోషిబా చేతులెత్తేసింది. ఆరు వారాల్లో ఒక ఫార్మాట్ ఖతం. మన దగ్గర ఆ దెబ్బ పెద్దగా తగల్లేదు, కారణం మన తెలివి కాదు. ఆ టైంలో మోజర్ బేర్ వీసీడీలు ₹28కి, డీవీడీలు ₹34కి అమ్ముతోంది. ఆ ధరలో సినిమా దొరుకుతుంటే ఖరీదైన ప్లేయర్ వైపు ఎవరు చూస్తారు? వెనకపడి ఉండటం కూడా ఒక్కోసారి కలిసొస్తుంది.

8కె సంగతి ఇంకా తాజా. శాంసంగ్ 2019లో ఇక్కడ 8కె టీవీలు పెట్టినప్పుడు మొదలైన ధరే దాదాపు ₹11 లక్షలు. ఇవాళ్టికీ 8కెలో చూడటానికి ఒక తెలుగు సినిమా లేదు. పీఎస్5 డబ్బా మీద ఉన్న 8కె లోగోని సోనీయే 2024లో చడీచప్పుడు లేకుండా తీసేసింది.

మన ఊరి అటకల మీద

వరంగల్‌లో ఈ పాఠం అందరూ ఒకసారి నేర్చుకున్నారు, టీవీతో కాదు, సెట్ టాప్ బాక్స్‌తో. కేబుల్ డిజిటైజేషన్‌లో హైదరాబాద్ రెండో దశలో అయిపోయింది. వరంగల్ లాంటి మిగతా పట్టణాలు మూడో దశ, గడువు 2015 డిసెంబర్ 31. బాక్సులు చాలక హైకోర్టు రెండు తెలుగు రాష్ట్రాలకూ రెండు నెలలు పొడిగించింది కూడా. తర్వాత హడావిడిగా ఇంటింటికీ బాక్స్ వచ్చింది.

ఆ బాక్స్ ఒక్క ఆపరేటర్‌కే పనిచేస్తుంది. ఆపరేటర్ మారితే బాక్స్ మారాలి. కేబుల్ నుంచి డీటీహెచ్‌కి వెళ్తే ఇంకోటి. ఒక డీటీహెచ్ నుంచి ఇంకో డీటీహెచ్‌కి వెళ్తే మరోటి. లోపల చిప్పులు ఇంచుమించు ఒకటే, ఎన్‌క్రిప్షన్ తాళాలు మాత్రం వేరు. ఫోన్ సిమ్‌లాగా బాక్స్ కూడా ఏ ఆపరేటర్‌కైనా పనిచేయాలని ట్రాయ్ 2020 ఏప్రిల్‌లో సిఫార్సు చేసింది. అప్పటికి బాక్సులు ఇళ్లల్లోకి వచ్చి ఏళ్లు గడిచాయి. స్టాండర్డ్ ముందు రావాలి, సరుకు తర్వాత రావాలి. ఇక్కడ తిరగబడింది. దాని ఖర్చు ట్రాయ్ కట్టలేదు, ఆపరేటర్ కట్టలేదు, అటక మీద బాక్సులు పేర్చుకున్న మనమే కట్టాం.

టీవీలోనే శాటిలైట్ ట్యూనర్ ఉండేలా బీఐఎస్ ఐఎస్ 18112:2022 అనే స్టాండర్డ్ తెచ్చింది. డిష్ తీగ నేరుగా టీవీకి పెడితే ఫ్రీ ఛానెళ్లు వస్తాయి, బాక్స్ అక్కర్లేదు. మంచి పని. డబ్బు కట్టే ఛానెళ్లకి మాత్రం ఆ తాళం గొడవ అలాగే ఉంది.

అమెరికాలో ఉన్న మనోళ్లకీ ఇదే తంటా, వేరే రూపంలో. అక్కడ యాంటెన్నాతో వచ్చే కొత్త ప్రసారాల స్టాండర్డ్ ఏటీఎస్‌సీ 3.0. దాని ట్యూనర్‌ని ఎల్జీ టీవీల్లో పెట్టింది, పేటెంట్ కేసులో ఓడిపోయాక 2024 మోడళ్ల నుంచి తీసేసింది. కొత్త టీవీలో పాత టీవీలో ఉన్న ఫీచర్ లేదు! న్యూజెర్సీలో బావకి టీవీ సలహా ఇచ్చేముందు ఇది కూడా చూసుకోండి.

నంబర్ ఉంటుంది, ఫీచర్ ఉండకపోవచ్చు

స్టాండర్డ్ వచ్చేశాక అంతా సాఫీ అనుకుంటే అదీ కాదు. హెచ్‌డీఎంఐ 2.1 మీద నాకు ఇప్పటికీ కోపమే. 48 గిగాబిట్లు, 4కె 120 ఫ్రేములు, వీఆర్ఆర్ అని ఊదరగొట్టారు. 2021 చివర్లో టీఎఫ్‌టీ సెంట్రల్ అనే సైట్ తవ్వి తీస్తే అసలు విషయం బయటపడింది. హెచ్‌డీఎంఐ లైసెన్స్ ఇచ్చే సంస్థ లెక్కలో ఇక 2.0 అనేదే లేదు, కొత్త పరికరాలన్నీ 2.1 అని రాసుకోవచ్చు, ఆ కొత్త ఫీచర్లన్నీ ఐచ్ఛికం. అంటే 18 గిగాబిట్ల పోర్టు పెట్టి కూడా "హెచ్‌డీఎంఐ 2.1" అని స్టిక్కర్ వేయొచ్చు, రూల్ ప్రకారమే!

అందుకే మా రివ్యూల్లో పోర్టు నంబర్ రాసి వదిలేయం. 4కె 120 వస్తుందా, ఎన్ని పోర్టుల్లో వస్తుంది, ఈఆర్క్ పోర్టు అందులో ఒకటి తినేస్తుందా అని కన్సోల్ పెట్టి చూస్తాం. మీరూ షోరూమ్‌లో అడగాల్సింది "2.1 ఉందా" అని కాదు, "4కె 120 ఏ పోర్టులో వస్తుంది" అని.

నిజంగా 2.1 పెట్టినవాళ్లు కూడా ముందుగా పరుగెత్తి దెబ్బతిన్నారు. 2020లో డెనాన్, మరాంట్జ్, యమహా ఏవీ రిసీవర్లలో వాడిన ఒక చిప్‌లో లోపం ఉంది. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ నుంచి 4కె 120 పంపితే బొమ్మ రాదు. రిసీవర్లు మార్కెట్లోకి వచ్చినప్పుడు ఆ కన్సోల్ ఇంకా అమ్మకానికే రాలేదు, టెస్ట్ చేయడానికి సరైన పరికరం దొరక్క అది జారిపోయింది. డెనాన్, మరాంట్జ్ వాళ్లు ఒక అడాప్టర్ డబ్బా ఉచితంగా ఇచ్చారు, యమహా బోర్డులు మార్చింది. బాగానే సర్దుకున్నారు. కానీ ఒక్కసారి ఆలోచించండి. బోర్డు మార్పించడానికి బరువైన రిసీవర్‌ని హన్మకొండ నుంచి హైదరాబాద్ సర్వీస్ సెంటర్‌కి మోసుకెళ్లేది ఎవరు? చిన్న ఊళ్లో ముందుగా కొనడానికి ఉండే అదనపు ధర అది. రివ్యూల్లో ఎక్కడా రాయరు.

ఈ లైన్లో నాకు బాగా నచ్చిన, అంటే బాగా మండిన కథ పీఎస్5 ప్రో. 2024 నవంబర్‌లో ప్రపంచమంతా వచ్చింది, ఇండియాకి రాలేదు. ధర వల్ల కాదు. అందులో వైఫై 7 ఉంది, అది 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్ వాడుతుంది, ఆ బ్యాండ్ మన దగ్గర వైఫైకి అప్పటికి ఇంకా తెరవలేదు. సోనీ కారణం అదేనని చెప్పింది. ఆ టైంకి మన దేశంలో వైఫై 6ఈ, వైఫై 7 రౌటర్లు మాత్రం ఆన్‌లైన్‌లో హాయిగా అమ్ముతున్నారు! 6ఈలో "ఈ" అంటేనే 6 గిగాహెర్ట్జ్. ఆ బ్యాండ్ లేకపోతే దానికీ మామూలు వైఫై 6కీ తేడా దాదాపు లేదు. లేని రోడ్డు మీద నడిచే బండికి వేలు పోసినట్టే. 2025 మేలో ఆ బ్యాండ్‌లో కింది భాగాన్ని తెరవడానికి కేంద్రం ముసాయిదా నియమాలు ఇచ్చాకే ఆ తలుపు కదిలింది. మనం కొన్న వస్తువు పనిచేయాలంటే స్టాండర్డ్ ఒక్కటే చాలదు, ఢిల్లీలో ఒక గెజిట్ కూడా రావాలి.

స్మార్ట్ యాప్‌ల సంగతి రెండు ముక్కల్లో. 2015లో యూట్యూబ్ పాత ఏపీఐ ఆపేయగానే 2012, అంతకు ముందు టీవీల్లో యూట్యూబ్ యాప్ పోయింది. 2019 డిసెంబర్‌లో 2010, 2011 శాంసంగ్ టీవీల్లో నెట్‌ఫ్లిక్స్ పోయింది. 2025 మార్చిలో పదేళ్ల నాటి క్రోమ్‌కాస్ట్‌లు ఒక సర్టిఫికెట్ గడువు తీరి ఒక్కరోజులో మూగబోయాయి, గూగుల్ సరిచేసే దాకా కొన్ని రోజులు అంతే. ప్యానెల్ పదేళ్లు బతుకుతుంది, దాని మెదడు అంతకాలం బతకదు.

మరి ఇప్పుడు షోరూమ్‌లో ఉన్నవి?

ఆర్‌జీబీ మినీ ఎల్ఈడీ నుంచి మొదలుపెడదాం. మామూలు మినీ ఎల్ఈడీలో వెనక నీలం ఎల్ఈడీలు ఉంటాయి, క్వాంటమ్ డాట్ పొర దాన్ని మిగతా రంగులుగా మారుస్తుంది. కొత్తదాంట్లో వెనకే ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎల్ఈడీలు. రంగులు నిజంగానే ఎక్కువ. బీటీ.2020 అనే పెద్ద రంగుల పరిధిని దాదాపు పూర్తిగా అందుకుంటామని కంపెనీలు చెప్తున్నాయి. కానీ మనం చూసే హెచ్‌డీఆర్ సినిమాల్లో ఎక్కువ భాగం పీ3 అనే చిన్న పరిధిలోనే గ్రేడ్ చేస్తారు. సినిమాలో లేని రంగుని టీవీ చూపిస్తే అది దర్శకుడు పెట్టిన రంగు కాదు, టీవీ ఊహించిన రంగు. పేర్లు కూడా ఇంకా కుదరలేదు. హైసెన్స్ ఆర్‌జీబీ మినీ ఎల్ఈడీ అంటుంది, శాంసంగ్ మైక్రో ఆర్‌జీబీ అంటుంది. "మైక్రో ఆర్‌జీబీ" అంటే మైక్రో ఎల్ఈడీ అనుకునేవాళ్లు మా ఫ్రెండ్స్‌లోనే ఉన్నారు, రెండూ వేరు. పేరు మీదే ఏకాభిప్రాయం లేనప్పుడు కొలతల మీద ఎక్కడుంటుంది?

డాల్బీ విజన్ 2ని 2025 సెప్టెంబర్‌లో ప్రకటించారు. అందులోనే రెండు మెట్లు, మామూలు 2, ఇంకోటి 2 మ్యాక్స్. కొత్త చిప్ కావాలి. పాత డాల్బీ విజన్ టీవీల్లో కొత్త సినిమాలు పాత పద్ధతిలో ఆడతాయి, ఆ భయం లేదు. కానీ దాని కోసం ఇప్పుడే పరుగెత్తడంలో అర్థం లేదు, ముందు ఆ ఫార్మాట్‌లో మనం చూసే సినిమాలు రానివ్వండి. ఒక పాత గొడవ కూడా తేలలేదు: శాంసంగ్ టీవీల్లో డాల్బీ విజన్ ఉండదు, ఎల్జీ టీవీల్లో హెచ్‌డీఆర్10 ప్లస్ ఉండదు. మొదటి వెర్షన్ రాజీయే కుదరలేదు, అప్పుడే రెండో పార్ట్.

హెచ్‌డీఎంఐ 2.2 ఫైనల్ స్పెసిఫికేషన్ 2025 జూన్‌లో వచ్చింది, 96 గిగాబిట్లు. బాగుంది. కానీ అంత డేటా పంపే కన్సోల్ లేదు, బాక్స్ లేదు. పీఎస్5కి 2.1 చాలు. 2.1 చేసిన గందరగోళం చూశాక 2.2 మొదటి బ్యాచ్‌ని నేను దూరం నుంచే పలకరిస్తా.

నాకు అన్నిటికంటే ప్రమాదంగా కనిపిస్తున్నది ఆడియో. టీవీ స్పీకర్లు, సౌండ్‌బార్ కలిసి మోగే ఫీచర్ శాంసంగ్‌లో క్యూ సింఫనీ, ఎల్జీలో వావ్ ఆర్కెస్ట్రా, సోనీలో అకౌస్టిక్ సెంటర్ సింక్. ఏదీ ఇంకోదానితో మాట్లాడదు. డాల్బీ అట్మాస్ ఫ్లెక్స్‌కనెక్ట్ అని వైర్లు లేని స్పీకర్లకి ఒక దారి వేస్తోంది, టీసీఎల్ దాంతో వచ్చింది. అటు శాంసంగ్, గూగుల్ కలిసి అట్మాస్‌కే పోటీగా ఎక్లిప్సా ఆడియో తెచ్చాయి. టీవీ ఆరేడేళ్లకి మారుస్తాం, మంచి స్పీకర్లు పదిహేనేళ్లు ఉంటాయి. ఎక్కువకాలం ఉండాల్సిన వస్తువుని తక్కువకాలం ఉండే వస్తువు బ్రాండ్‌కి కట్టేస్తున్నారు. ఇది పూర్తిగా తలకిందుల బేరం.

"అందరూ ఆగితే ఎట్లా?"

ఈ ప్రశ్న కచ్చితంగా వస్తుంది, న్యాయమైనదే. ముందు కొనేవాళ్లు లేకపోతే ధర తగ్గదు, స్టాండర్డ్ గెలవదు. 2013లో ఎవరో 4కె కొన్నారు కాబట్టే ఇవాళ ₹25 వేలకి 43 అంగుళాల 4కె దొరుకుతోంది. నిజమే. కానీ ఆ పని ₹10 లక్షల టీవీని సరదాగా కొనగలిగేవాళ్లు చేస్తారు, చేయనివ్వండి. ఈఎంఐ మీద కొనేవాడు పరిశ్రమకి త్యాగం చేయక్కర్లేదు. ఆలస్యం అమృతం విషం అంటారు, టీవీల విషయంలో మాత్రం ఆలస్యమే డిస్కౌంట్. ఆగినవాడు నష్టపోయిన సందర్భం ఈ లిస్టులో ఒక్కటి చూపించండి.

ఎప్పటికీ ఆగమనట్లేదు. పాత టీవీ పోయింది, ఇంట్లో అమ్మకి సీరియల్ ఆగిపోయింది అంటే ఇవాళే వెళ్లి కొనండి. నేనైతే రేపటి మాట ఇచ్చే వస్తువుని కాకుండా ఇవాళ్టి పని చేసే వస్తువుని కొంటా. కుదురుకున్న టెక్నాలజీలో బెస్ట్ ఏదో అదే. ₹50 వేల లోపు అయితే మంచి క్యూఎల్ఈడీ, లక్ష దగ్గరైతే లోకల్ డిమ్మింగ్ బాగున్న మినీ ఎల్ఈడీ, ఇంకాస్త పెడితే ఆఫర్లో పోయినేడాది ఓఎల్ఈడీ. పోయినేడాది టాప్ మోడల్ ఈ ఏడాది మధ్య మోడల్ కంటే మెరుగ్గా ఉండటం నేను చాలాసార్లు చూశా. కొత్తొక వింత పాతొక రోత అన్న సామెత బొమ్మ క్వాలిటీకి వర్తించదు.

ఆ డబ్బా ఆలోచన గుర్తుందా? అదే మనం సొంతంగా చేసుకోవచ్చు. టీవీలో తెర మాత్రమే కొంటున్నా అనుకోండి, మెదడు బయట పెట్టండి. స్ట్రీమింగ్ స్టిక్ నాలుగైదు వేలు. ఏవీ1 లాంటి కొత్త కోడెక్ వచ్చినా, యాప్ ఆగిపోయినా స్టిక్ మారిస్తే చాలు, 55 అంగుళాల ప్యానెల్ మార్చక్కర్లేదు. స్పీకర్లు ఈఆర్క్ తీగతో కలిపేవే తీసుకోండి, బ్రాండ్ ఏదైనా మాట్లాడతాయి.

కొనేముందు ఒక పెన్‌డ్రైవ్‌లో మీకు బాగా తెలిసిన సినిమా సీన్లు నాలుగు వేసుకెళ్లండి. రాత్రి సీన్ ఒకటి, కెమెరా వేగంగా తిరిగే పాట ఒకటి, మామూలు హెచ్‌డీ న్యూస్ క్లిప్ ఒకటి తప్పనిసరి. షోరూమ్‌లో చిలకలు ఆపించి అవి పెట్టమనండి. సేల్స్ అన్న "అప్‌డేట్‌ల వస్తది" అని ఏ ఫీచర్ గురించైనా అంటే, ఆ మాట బిల్లు మీద రాసివ్వమని అడగండి. ఇప్పటిదాకా ఎవరూ రాసివ్వడం నేను చూడలేదు.